512 ఎంబీలో డెబియన్: బాబాయ్ నెట్‌బుక్‌తో నా అనుభవం

మా బాబాయ్ దగ్గర 2009లో కొన్న పది అంగుళాల నెట్‌బుక్ ఉంది. ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. ఇప్పుడది డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తోంది. ఆయన రోజూ పొద్దున్నే కాఫీ తాగాక దాని ముందు కూర్చుని తెలుగు టైప్ చేసుకుంటున్నారు. మధ్యలో ఏం జరిగిందో రాద్దామని ఇది మొదలుపెట్టాను. పాత కంప్యూటర్‌కి ఏ లైనక్స్ వేసుకోవాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. దాన్ని ఎక్కించేటప్పుడు ఏమవుతుందో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. నాకు చుక్కలు కనిపించింది మాత్రం ఆ ఎక్కించే దగ్గరే.

బాబాయ్ తెనాలిలో చాలా ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపారు. శుభలేఖలు, కరపత్రాలు, దేవాలయం వాళ్ల బ్రోచర్లు, ఎన్నికలొస్తే పాంప్లెట్లు. టైపింగ్‌కి అను ఫాంట్లు, పేజీ సర్దడానికి పేజ్‌మేకర్, ఏ కీకి ఏ అక్షరమో చెప్పే యాపిల్ కీబోర్డ్ లేఅవుట్. షాపు మూసేసినా వేళ్లు మాత్రం ఆ లేఅవుట్‌ని మర్చిపోలేదు. ఫోన్‌లో తెలుగు టైప్ చేయమంటే విసుగు. "ఒక్కో అక్షరం ఏరుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదమ్మా. నాకు కీబోర్డు కావాలి, చూడకుండా కొట్టేది" అన్నారు. ఊళ్లో పాత ప్రెస్సుల గురించి, సీసం అక్షరాల రోజుల గురించి రాసుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. కొత్త లాప్‌టాప్ కొంటానంటే ఒప్పుకోలేదు. ముప్పై వేలు పెట్టి టైప్‌రైటర్ కొంటావా అని నన్నే కోప్పడ్డారు.

2026 జనవరి 10, శనివారం. సంక్రాంతి సెలవులకి సికింద్రాబాద్ నుంచి తెనాలి చేరాను. వచ్చేముందే కొంత చూసుకున్నాను. ఎన్270 పూర్తిగా 32 బిట్ ప్రాసెసర్, 64 బిట్ సిస్టమ్ ఏదీ దానిమీద లేవదు. ఆ ఒక్క సంగతితోనే చాలా పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. విండోస్ 11 ఎలాగూ 64 బిట్టే, పైగా 4 జీబీ అడుగుతుంది. విండోస్ 10కి 32 బిట్ ఉంది గానీ 2025 అక్టోబర్ 14తో దాని సపోర్ట్ అయిపోయింది. ఉబుంటు కుటుంబం 32 బిట్ ఇన్‌స్టాలర్లు ఇవ్వడం 18.04 వెర్షన్ తర్వాత ఆపేసింది. డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13తో 32 బిట్ పీసీకి ఇన్‌స్టాలర్, కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) తీసేసింది. కాబట్టి డెబియన్ 12. దానికి దీర్ఘకాల సపోర్ట్ 2028 జూన్ చివరి దాకా ఉంది. ఈ నెట్‌బుక్ అంతకాలం బతికితే నాకు చాలు.

డెబియన్ 12 ఇప్పుడు పాతది కాబట్టి 32 బిట్ ఫైలు మొదటి పేజీలో కనిపించదు, పాత విడుదలల ఆర్కైవ్‌లోకి వెళ్లి వెతుక్కోవాలి. దొరికిన నెట్‌ఇన్‌స్ట్ ఫైల్‌ని (మిగతాది నెట్ నుంచి తెచ్చుకునే చిన్న ఇన్‌స్టాలర్) ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను. ఎందుకైనా మంచిదని 32 బిట్‌లో దొరికే మరో లైవ్ డిస్ట్రోని (ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిచే లైనక్స్) ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. రెండు పెన్‌డ్రైవ్‌లకి కలిపి 700 రూపాయలు అయింది.

శనివారం సాయంత్రం లైవ్ డిస్ట్రోతో మొదలుపెట్టాం. ఎక్స్‌పీని చెరిపేసేముందు బాబాయ్ ఫైళ్లు బయటికి తీయాలి కదా, దానికి లైవ్ సిస్టమ్ సుఖం. డెస్క్‌టాప్ రావడానికి నాలుగైదు నిమిషాలు పట్టింది. ఫైళ్ల కాపీ గంటకు పైగా సాగింది. పేజ్‌మేకర్ ఫైళ్లు, కోరల్‌డ్రా ఫైళ్లు, ఎక్కువగా శుభలేఖలే. ఫోల్డర్లకి ఇంటిపేర్లు, పక్కన ముహూర్తం తేదీలు. అందులో నా పెళ్లి శుభలేఖ కూడా ఉంది, నాలుగు వెర్షన్లు. మూడో వెర్షన్లో మా అత్తగారి ఊరి పేరు తప్పు పడిందని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసిన సంగతి బాబాయ్‌కి ఇంకా గుర్తుంది. పిన్ని వచ్చి అన్నానికి పిలిచేదాకా ఇద్దరం అవే చూస్తూ కూర్చున్నాం.

తిన్నాక ఆ లైవ్ డెస్క్‌టాప్‌లో ఉన్న ఇన్‌స్టాలర్ తెరిచాను. భాష, టైమ్‌జోన్, డిస్క్ అన్నీ అడిగింది. ఫైళ్లు కాపీ చేయడం మొదలయ్యాక ముప్పై శాతం దగ్గర మౌస్ ఆగిపోయింది. అరగంట చూశాం. హార్డ్ డిస్క్ లైటు కూడా వెలగడం లేదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను.

మెమరీ చాలలేదనుకున్నాను. అలా అనుకోవడానికి కారణం ఉంది. లైవ్ సిస్టమ్ అంటే పెన్‌డ్రైవ్‌లో కుదించి పెట్టిన మొత్తం డెస్క్‌టాప్. నడిచేటప్పుడు అది రాసుకునే ప్రతిదీ ర్యామ్‌లోకే పోతుంది, ఎందుకంటే రాసుకోవడానికి కింద డిస్క్ లేదు. దాని మీద డెస్క్‌టాప్, ఆ పైన ఇన్‌స్టాలర్. ఎక్కించాక 200 ఎంబీలో నడిచే సిస్టమ్ కూడా ఎక్కించేటప్పుడు అంతకు కొన్ని రెట్లు అడుగుతుంది. పాత కంప్యూటర్ల గురించి రాసేవాళ్లు ఇచ్చే "కనీస ర్యామ్" అంకె చాలాసార్లు నడవడానికి కావలసిన అంకె. ఎక్కించడానికి కావలసింది వేరు. అది మనం ఎంచుకునే పద్ధతిని బట్టి మారిపోతుంది.

ఆదివారం పొద్దున డెబియన్ పెన్‌డ్రైవ్ పెట్టాను. దీనికి డెస్క్‌టాప్ ఏమీ ఉండదు, నేరుగా ఇన్‌స్టాలరే వస్తుంది. మొదటి మెనూలో గ్రాఫికల్, మామూలు అని రెండు ఎంపికలు. గ్రాఫికల్ తీసుకుంటే భాషల పట్టికలో తెలుగు ఉంది. మామూలు టెక్స్ట్ ఇన్‌స్టాలర్‌లో ఉండదు, ఆ తెరకు మన గుణింతాలు, వత్తులు చూపించడం రాదు. బాబాయ్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తెలుగు ఎంచగానే ప్రశ్నలన్నీ తెలుగులో వచ్చాయి. ఆయన ఒక్కో తెర పైకి చదువుతూ, ఎక్కడ సంధి సరిగా లేదో, ఎక్కడ స్పేస్ ఎక్కువ పడిందో ప్రూఫ్ దిద్దేస్తున్నారు. ఇంత ముచ్చటగా ఇన్‌స్టాలేషన్ చేసిన జ్ఞాపకం నాకు లేదు.

బేస్ సిస్టమ్ ఎక్కే దశలో ఎర్ర తెర వచ్చింది. ఒక ప్యాకేజీ (సిస్టమ్‌లో ఒక భాగానికి కావలసిన ఫైళ్ల కట్ట) పాడైందంటుంది. మళ్లీ ప్రయత్నించు అంటే ఇంకో ప్యాకేజీ దగ్గర ఆగింది. మొదటినుంచి మొదలుపెడితే ఈసారి అంతకంటే ముందే ఆగింది.

ఇక్కడ నాకు అనుమానం మారింది. మెమరీ చాలకపోతే దాదాపు ఒకే చోట ఆగాలి. పెన్‌డ్రైవ్ పాడైనా ఒకే ఫైలు దగ్గర ఆగాలి. ప్రతిసారీ వేరే చోట పడిపోతోందంటే ర్యామే సరిగా లేదేమో. బాబాయ్‌తో అంటే "ఆ మాట నిజమే అయ్యుంటుంది. రెండేళ్లుగా ఎక్స్‌పీలో కూడా ఊరికే నీలం తెర వచ్చేది, వయసైపోయిందిలే అనుకున్నా" అన్నారు.

లైవ్ పెన్‌డ్రైవ్‌ని చెరిపి దానిలో మెమ్‌టెస్ట్86 ప్లస్ ఎక్కించాను. ఇది ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే బూటై ర్యామ్‌లో ప్రతి గడినీ రాసి, చదివి చూస్తుంది. ఆటమ్ మీద ఒక రౌండు పూర్తవడానికే చాలాసేపు పడుతుందని, రాత్రి పెట్టి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే తెర నిండా ఎర్ర గీతలు. అయితే ఆ తప్పులన్నీ 512 ఎంబీ దాటిన చిరునామాల దగ్గరే ఉన్నాయి. మొదటి సగంలో ఒక్కటి కూడా లేదు.

ఈ మోడల్ గురించి వెతికితే లెక్క తేలింది. 512 ఎంబీ బోర్డుకే అతికించి వస్తుంది. మిగతా 512 ఒక స్లాట్‌లో పెట్టిన స్టిక్. పాడైంది ఆ స్టిక్. తీసేస్తే సరిపోతుందనుకున్నా గానీ ఆ స్లాట్ అడుగున మూత తీస్తే కనిపించే చోట లేదు. కీబోర్డ్ ఊడదీసి, పై మూత తీసి, మదర్‌బోర్డ్‌ని తిరగేస్తేగాని అందదు. పండగ ముందు తెనాలిలో ఏ రిపేరు షాపు అబ్బాయి ఖాళీగా ఉంటాడు? నేను విప్పుదామంటే పిన్ని ఒప్పుకోలేదు, పండగపూట ఇంట్లో స్క్రూలు పోస్తే ఊరుకోనంది.

విప్పకుండా కూడా ఒక దారి ఉంది. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి "మెమ్=512ఎం" అని ఒక మాట చెప్తే, 512 ఎంబీ దాటి ఉన్న మెమరీని అది ముట్టుకోదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. డెబియన్ మెనూలో కావలసిన వరుస మీద ఉండి ట్యాబ్ కీ నొక్కితే కింద బూట్ లైను కనిపిస్తుంది, దాని చివర చేర్చాలి. ఆ లైన్లో మూడు అడ్డగీతలు ఉంటాయి. వాటి తర్వాత రాసిన మాటలు ఎక్కించిన సిస్టమ్‌లోకి కూడా వెళ్తాయి. అందుకని వాటి తర్వాతే రాశాను. లేకపోతే ఇన్‌స్టాలేషన్ బాగానే అయి, మొదటిసారి బూట్ చేసినప్పుడు మళ్లీ పాడైన స్టిక్ మీద కాలు పెట్టేది.

పాడైన ర్యామ్ పక్కకు పోయింది. దాంతోపాటు సగం మెమరీ కూడా పోయింది. గ్రాఫికల్ ఎంపికతో వెళ్తే ఇక తెలుగు రాలేదు. సిస్టమ్‌లో మెమరీ తక్కువగా ఉంది, తక్కువ మెమరీ పద్ధతిలోకి వెళ్తున్నాను అనే అర్థంతో ఇంగ్లీషులో ఒక నీలం తెర వచ్చింది. భాష అడగనే లేదు. బాబాయ్ కళ్లజోడు తీసి "మన తెలుగు ఏదమ్మా?" అన్నారు.

ఇన్‌స్టాలర్ మొత్తం ర్యామ్‌లోనే బతుకుతుంది. గ్రాఫికల్ తెర, ఫాంట్లు, అన్ని భాషల అనువాదాలు, డిస్క్ విభజించే ప్రోగ్రాములు అన్నీ అక్కడే. డిస్క్ మీద ఇంకా ఏమీ లేదు కాబట్టి స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు దానికి బదులు వాడే డిస్క్ జాగా) కూడా ఉండదు. మెమరీ తక్కువైతే ముందు అనువాదాలు వదిలేస్తుంది, ఆ తర్వాత తప్పనిసరి కాని భాగాలు వదిలేస్తుంది. 1 జీబీలో తెలుగు మాట్లాడిన ఇన్‌స్టాలర్ 512లో ఇంగ్లీషు తప్ప మాట్లాడదు. ఇది బాబాయ్‌కి చెప్తే, "జాగా చాలకపోతే మేం కూడా ముందు బొమ్మ తీసేసేవాళ్లం, తర్వాత బంధుమిత్రుల అభినందనలు" అన్నారు. ఆయనకి నాకంటే బాగా అర్థమైంది.

ఈ పద్ధతిలో ఏ భాగాలు మెమరీలోకి తెచ్చుకోవాలో ఒక జాబితా ఇచ్చి అడుగుతుంది. అన్నీ టిక్ పెడితే ఉన్న కాస్తా అయిపోతుంది. నేను ఏమీ ఎంచకుండా ముందుకెళ్లాను, కావలసినవి అదే తెచ్చుకుంది. వైఫై జోలికి పోకుండా రౌటర్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ లాగాను. పాస్‌వర్డ్‌ల గొడవ లేదు, అదనపు భాగాలు అక్కర్లేదు. కేబుల్ పొడవు చాలక నెట్‌బుక్‌ని టీవీ స్టాండ్ పక్కకు మార్చాల్సి వచ్చింది. తర్వాత చూస్తే అదే మంచిదైంది.

ఎలాగంటే, నెట్‌బుక్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఛార్జర్ తీస్తే ఆగిపోతుంది. బాబాయ్ ఇంట్లో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకి, లైట్లకి, టీవీ పాయింటుకి మాత్రమే ఇచ్చారు, మిగతా ప్లగ్గులకి లేదు. బేస్ సిస్టమ్ ఎక్కుతుండగా మధ్యాహ్నం కరెంటు పోయింది. టీవీ పాయింటులో ఉండబట్టి బతికింది. పాత లాప్‌టాప్ మీద ఈ పని చేసేవాళ్లు ఏ డిస్ట్రో అని ఆలోచించేముందు ఏ ప్లగ్గు అని ఆలోచించడం మేలు.

డిస్క్ విభజన దగ్గర ఆటోమేటిక్ వదిలేసి నేనే పెట్టాను: 2 జీబీ స్వాప్, మిగతాదంతా ఒకే భాగం. డిస్క్ విభజన ఖాయం చేయగానే ఇన్‌స్టాలర్ ఆ స్వాప్‌ని వాడుకోవడం మొదలుపెడుతుంది. నిజంగా ఊపిరి ఆడింది అక్కడే. అప్పటిదాకా కీ నొక్కితే రెండు మూడు క్షణాలకి కదిలేది, ఆ తర్వాత నెమ్మదిగా అయినా ఆగకుండా సాగింది. పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్ రెండూ పట్టికలో కనిపిస్తాయి, సైజు చూసుకుని ఎంచుకోవాలి. చివర్లో సిస్టమ్‌ని బూట్ చేసే గ్రబ్‌ని ఎక్కడ వేయాలో అడిగినప్పుడు కూడా అంతే.

బేస్ సిస్టమ్‌కి గంట పట్టింది. తెర మీద శాతం కదలకుండా పావుగంట ఉన్నప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. ఆల్ట్ కీతో పాటు ఎఫ్4 నొక్కితే లోపల ఏం జరుగుతోందో వరుసలుగా కనిపిస్తుంది. అక్కడ వరుసలు కదులుతుంటే పని జరుగుతున్నట్టే. ఆల్ట్, ఎఫ్1 నొక్కితే వెనక్కి వస్తాం. ఇది తెలియకపోయుంటే మళ్లీ పవర్ బటన్ నొక్కేసేదాన్నే.

తర్వాత ఏ డెస్క్‌టాప్ కావాలో అడిగే తెర వస్తుంది. అక్కడ డెబియన్ డెస్క్‌టాప్, గ్నోమ్ అనే పెద్ద డెస్క్‌టాప్ ముందే టిక్ పెట్టి ఉంటాయి. 512 ఎంబీ యంత్రంలో అవి అలాగే వదిలేస్తే ఆ రాత్రంతా ప్యాకేజీలు దిగుతూనే ఉంటాయి, దిగాక తెర తెరుచుకోదు. రెండూ తీసేసి, మామూలు సిస్టమ్ సాధనాలు ఒక్కటే ఉంచాను. చీకటి పడేసరికి ఇన్‌స్టాలేషన్ పూర్తయింది. పెన్‌డ్రైవ్ తీసి రీబూట్ చేస్తే నల్ల తెర మీద లాగిన్ అడిగింది. మెమరీ ఎంత వాడుతోందో చూస్తే 60 ఎంబీ లోపే. ఎక్కించడానికి అంత అల్లాడినది, నడవడానికి ఇంతే అడుగుతోంది.

బాబాయ్ మాత్రం నల్ల తెర చూసి నిరాశపడ్డారు. "ఇది డాస్ కదమ్మా, ఇది నేను తొంభైల్లోనే చూశా" అన్నారు.

భోగి రోజు డెస్క్‌టాప్ ఎక్కించాను. మెమరీ తక్కువున్న చోట డెబియన్‌లో ఒక మాట చాలా పనికొస్తుంది: ప్యాకేజీ ఎక్కించేటప్పుడు సిఫారసు చేసినవి వద్దు అని చెప్పడం. లేకపోతే ఒకటి అడిగితే దాని వెనక ఇరవై వస్తాయి. తెర మీద బొమ్మలు చూపించే ఎక్స్ సర్వర్, కిటికీలు సర్దే ఐస్‌డబ్ల్యూఎం అనే విండో మేనేజర్, ఒక ఫైల్ మేనేజర్, మౌస్‌ప్యాడ్ ఎడిటర్. ఐస్‌డబ్ల్యూఎం చూడ్డానికి పాత విండోస్‌లాగే ఉంటుంది, కింద టాస్క్‌బార్, ఎడమ మూల మెనూ. బాబాయ్‌కి ఏమీ నేర్పాల్సిన అవసరం రాలేదు.

సిఫారసులు వద్దంటే వచ్చే ఇబ్బంది కూడా అప్పుడే తెలిసింది. తెలుగు అక్షరాల చోట గళ్లు కనిపించాయి, ఎందుకంటే తెలుగు ఫాంట్ రాలేదు. లోహిత్ తెలుగు ఫాంట్ వేశాక సరైంది. ఆ తర్వాత సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు కొన్ని గూగుల్ ఫాంట్స్ నుంచి తెచ్చి పెట్టాను. మండలి, రామరాజ, సూరన్న. వాటిలో తెనాలి రామకృష్ణ పేరుతో కూడా ఒక ఫాంట్ ఉంది. బాబాయ్ ఇంక వేరేది ముట్టుకోనన్నారు. వ్యాసం మొత్తం డిస్‌ప్లే ఫాంట్లో చదవడం కష్టమని చెప్పి చూశాను, వినలేదు.

కీబోర్డ్ కోసం ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు వేశాను. దానిలో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతనతో పాటు యాపిల్ లేఅవుట్ కూడా ఉంది. బాబాయ్ వేళ్లు పెట్టి మొదటి వాక్యం చూడకుండా కొట్టారు. చాలావరకు సరిగ్గానే పడింది, కొన్ని వత్తుల దగ్గర తేడా వచ్చింది. అను ఫాంట్లలో వత్తు విడిగా ఒక బొమ్మ, దానికో కీ. యూనికోడ్‌లో హల్లు, పొల్లు, హల్లు కలిస్తే వత్తు. వారం రోజుల్లో అలవాటైపోయిందని తర్వాత ఫోన్లో చెప్పారు. ఐబస్ కూడా కొన్ని పదుల ఎంబీలు తింటుంది. ఈ మెషీన్‌లో అది చిన్న సంగతి కాదు, కానీ ఇంత కష్టమూ పడింది దానికోసమే కదా, ఉంచేశాను.

పండగ అయ్యేలోపు ఇంకో పని చేశాను, జీర్యామ్. ర్యామ్‌లో కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా వాడుకోవడం. డెబియన్‌లో జీర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేసి, సెట్టింగ్ ఫైల్లో యాభై శాతం, కుదించడానికి ఎల్‌జెడ్4 పద్ధతి అని రాశాను. జీస్టాండర్డ్ అనే ఇంకో పద్ధతి ఇంకా బాగా కుదిస్తుంది గానీ ఆటమ్ మీద ప్రాసెసర్‌కి భారం, ఎల్‌జెడ్4 తేలిక. దీనివల్ల హార్డ్ డిస్క్ స్వాప్‌కి పోవడం బాగా తగ్గింది. డిస్క్ కరకరలాడే చప్పుడు తగ్గడంతో బాబాయ్‌కి కూడా తేడా తెలిసింది. లిబ్రే ఆఫీస్ రైటర్ తెరుచుకోవడానికి నిమిషం దాటుతుంది. అందుకని రాయడం మౌస్‌ప్యాడ్‌లో, చివర్లో పేజీ సర్దుకోవడం రైటర్‌లో.

బ్రౌజర్ ఒక్కటే కుదరలేదు. ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ 140 తెరిచి ఒక తెలుగు దినపత్రిక పేజీ చూద్దామంటే 512 మొత్తం అక్కడే అయిపోయింది, మౌస్ నిలబడిపోయింది. పైగా మొజిల్లా కూడా 145వ వెర్షన్ నుంచి 32 బిట్ లైనక్స్‌కి ఫైర్‌ఫాక్స్ ఇవ్వడం ఆపేసింది. పేపర్ ఫోన్లో చదువుకోమని చెప్పాను. దానికి ఆయనేం బాధపడలేదు.

సికింద్రాబాద్ వచ్చాక వారానికే ఫోన్. కొత్త ప్యాకేజీలు దిగడం లేదట. నేను చెప్పి చేయిస్తే తెర మీద విడుదల ఫైలు ఇంకా అమల్లోకి రాలేదని వస్తోంది. తేదీ చూడమంటే ఎప్పటిదో పాత తేదీ చెప్పారు. బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయింది. ప్లగ్గు తీసిన ప్రతిసారీ గడియారం మొదటికి పోతోంది, డెబియన్ సర్వర్ ఇచ్చే సంతకాలు దాని లెక్కలో భవిష్యత్తులోవి అవుతున్నాయి. కేబుల్ పెట్టి ఉంటే నెట్ నుంచి సమయం తెచ్చుకుని సర్దుకుంటోంది, కేబుల్ లేకుండా లేపి తర్వాత పెడితే మాత్రం కాసేపు తికమక. తేదీ చేత్తో ఎలా మార్చాలో ఒక కాగితం మీద రాయించాను. ప్లగ్గు తీయొద్దని పిన్నికి కూడా చెప్పాం.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను. లాప్‌టాప్‌కి వేసే డీడీఆర్2 స్టిక్ అంటే మొదటి రెండు షాపుల్లో నవ్వారు. లోపలి వరసలో ఒకాయన అట్టపెట్టె తెచ్చి టేబుల్ మీద గుమ్మరించాడు, దానిలోంచి 1 జీబీ స్టిక్ ఏరి ఇచ్చాడు. 350 రూపాయలు, వారం గ్యారంటీ. ఈ నెట్‌బుక్‌కి స్లాట్‌లో అంతకంటే పెద్దది పెట్టినా లాభం లేదు, మొత్తం 1.5 జీబీ దాటి గుర్తించదు. అందుకే 2 జీబీ స్టిక్ ఇంకో వందకే ఇస్తానన్నా తీసుకోలేదు.

శివరాత్రికి వెళ్లినప్పుడు తెనాలిలో ఒక రిపేరు షాపులో విప్పించాను. పని రెండు గంటలు పట్టింది, 400 తీసుకున్నాడు. ఎలాగూ విప్పాడు కదా అని బోర్డు బ్యాటరీ కూడా మార్పించాను, అదో 50. మెమ్‌టెస్ట్ అక్కడే పెట్టించి ఒక రౌండు పూర్తయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. షాపు అబ్బాయి రెండుసార్లు గడియారం చూశాడు గానీ ఏమీ అనలేదు. ఎర్ర గీత ఒక్కటీ రాలేదు.

ఇంటికొచ్చి గ్రబ్ సెట్టింగ్‌లో ఆ "మెమ్=512ఎం" తీసేసి, గ్రబ్‌ని అప్‌డేట్ చేసి రీబూట్ చేశాను. మళ్లీ ఎక్కించాల్సిన పనేం లేదు, ఎక్కించిన సిస్టమ్ ఉన్న మెమరీ చూసుకుని దానంతట అదే వాడుకుంటుంది. ఆఫీసులో ఒకతను మొదట్లోనే సలహా ఇచ్చాడు: హార్డ్ డిస్క్ ఊడదీసి పెద్ద కంప్యూటర్‌కి తగిలించి అక్కడ ఎక్కించి తిరిగి పెట్టేయమని. డిస్క్ సులువుగా ఊడే లాప్‌టాప్ అయితే అది మంచి దారే, ర్యామ్ గొడవే ఉండదు. ఒక్కటే చూసుకోవాలి. నిపుణుల పద్ధతిలో ఎక్కిస్తుంటే బూట్‌కి కావలసిన డ్రైవర్లు అన్నీ పెట్టాలా, ఈ మెషీన్‌కి తగినవే పెట్టాలా అని అడుగుతుంది. వేరే కంప్యూటర్లో ఎక్కిస్తున్నప్పుడు "తగినవే" అంటే ఆ పెద్ద కంప్యూటర్‌కి తగినవి పడతాయి, పాతదానిలో పెట్టాక లేవదు. అన్నీ పెట్టమనాలి. మా నెట్‌బుక్‌లో డిస్క్ తీయాలన్నా అంతా విప్పాల్సిందే కాబట్టి ఆ దారి నాకు పనికి రాలేదు.

ర్యామ్ పెరిగిందని తెలియగానే బాబాయ్ అడిగింది ఒకటే: "ఇప్పుడు తెలుగులో వస్తుందా?" దానికి ఇన్‌స్టాలర్ అక్కర్లేదు. లొకేల్ సెట్టింగ్‌లో తెలుగు, ఇండియా అని ఎంచి, లాగౌట్ అయి లాగిన్ అయితే అనువాదం ఉన్న మెనూలన్నీ తెలుగులోకి మారాయి. అనువాదం లేనివి ఇంగ్లీషులో మిగిలిపోయాయి. ఆయన వాటన్నిటినీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు. ఎందుకని అడిగితే, ఇవి ఎవరికి పంపాలో కనుక్కుని చెప్పమన్నారు.

మొత్తం ఖర్చు పెన్‌డ్రైవ్‌లతో కలిపి 1,500. రైలు టికెట్లు లెక్కలో వేయలేదు, పండక్కి ఎలాగూ వెళ్లేదాన్నే. ప్రెస్సుల వ్యాసం నలభై పేజీలు దాటింది. పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో బోసు రోడ్డు వైపు పాత స్నేహితుడి ప్రింటింగ్ షాపుకి తీసుకెళ్తున్నారు, ప్రూఫ్ కాగితం మీదే చూడాలట. ఇక హార్డ్ డిస్క్ సంగతి చూడాలి. పదిహేడేళ్ల డిస్క్ అది, పొద్దున స్టార్ట్ అయ్యేటప్పుడు కొంచెం మూలుగుతోంది. చిన్న ఎస్ఎస్‌డీ వేయించాలని ఉంది గానీ దానికి మళ్లీ 400 ఇచ్చి విప్పించాలి. ఈలోగా ప్రతి ఆదివారం వ్యాసాన్ని రెండో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయమని చెప్పాను, చేస్తున్నారు.